చివరి పాట తర్వాతి గంట: హైదరాబాద్ పెద్ద వెన్యూల మీద ఒక కేస్ స్టడీ

క్లయింట్ కోరిక చిన్నదే. తెలుగు సినిమా పాటలతో లైవ్ కాన్సర్ట్, 18 వేల టికెట్లు, సంక్రాంతి దాటాక వచ్చే మొదటి ఆదివారం. సింగర్‌కు ఆ సీజన్‌లో ఖాళీగా ఉన్న డేట్ అదొక్కటే. ఊరు హైదరాబాద్. "వెన్యూ నువ్వే చూడు అన్నా" అన్నాడు గానీ, ఆ మాట అనేటప్పటికే అతని మనసులో రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 2025 ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ షో అక్కడే జరిగింది కాబట్టి మనదీ అక్కడే జరగాలని అతని పట్టుదల.

నా పని ప్రొడక్షన్. స్టేజీ, సౌండ్, కరెంటు, బారికేడ్లు, పర్మిషన్లు మొదలుకొని ఆఖరి మనిషి పార్కింగ్ దాటేదాకా బాధ్యత నాదే. వెన్యూ ఎంపికలో మామూలుగా నా సలహా వింటారు, నిర్ణయం వాళ్లే తీసుకుంటారు. ఈసారి డేట్ చూశాక ముందే ఒక షరతు పెట్టాను: ఎన్ని టికెట్లు అమ్మాలన్నది నేను చెబుతాను, ఆ నంబర్ దాటకూడదు.

మన దగ్గర వెన్యూలను పోల్చేటప్పుడు మొదట అడిగేది "ఎంతమంది పడతారు?" అని. పట్టడం పెద్ద సమస్య కాదు. నాలుగింటికి గేట్లు తీస్తే ఏడు దాకా జనం కొద్దికొద్దిగా వస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం అందరూ ఒక్కసారే లేస్తారు. ఆ గంటలో ఏం జరుగుతుందన్న దాన్నిబట్టే నేను వెన్యూకు మార్కులు వేస్తాను. బ్రోచర్‌లో రాసిన కెపాసిటీ ఏ ఫంక్షన్‌కో, ఏ లేఅవుట్‌కో ఎవరో వేసిన లెక్క. రాజకీయ సభల్లో చెప్పే లక్షల సంగతి సరేసరి.

మొదటి వడపోత

కొన్ని పేర్లు తొందరగానే పోయాయి. శిల్పకళా వేదికలో సుమారు 2,500 సీట్లు. మంచి హాలే, కానీ మన పనికి చాలదు. హెచ్‌ఐసీసీ (హైదరాబాద్ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్) 2006లో తెరిచినప్పటి నుంచి ఊరికి గర్వకారణం. 6,480 చదరపు మీటర్ల హాలు, మధ్యలో ఒక్క స్తంభం లేదు, కావాలంటే ఆరు హాళ్లుగా విడదీయొచ్చు. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో గ్లోబల్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ అక్కడే జరిగాయి. కుర్చీలు వేస్తే 5 వేల మందికి సరిపోతుంది. పేర్లు రాయించుకుని బ్యాడ్జీలతో వచ్చే ప్రతినిధులకు అంతకంటే మంచి చోటు లేదు. అభిమానుల సంగతి వేరు. 2024 సెప్టెంబరు 22న అక్కడి నోవాటెల్‌లో జరగాల్సిన ఒక పెద్ద హీరో ప్రీ-రిలీజ్ ఈవెంట్, లెక్కకు మించి జనం రావడంతో మొదలవ్వకుండానే రద్దయింది. పాస్ చూపించి లోపలికి వెళ్లే ఈవెంట్‌కూ, హీరోని చూడటానికి గేటు మీద పడే ఈవెంట్‌కూ ఒకే హాలు సరిపోదు.

ఎల్‌బీ స్టేడియం నడిబొడ్డున ఉంది, మెట్రో దగ్గర. కానీ మన డేట్ జనవరిలో. జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడిమి దాకా నాంపల్లిలో నుమాయిష్ ఉంటుంది. 1938 నుంచి నడుస్తున్న ఎగ్జిబిషన్ అది. ఆదివారం సాయంత్రం నాంపల్లి, అబిడ్స్ రోడ్లు ఎలా ఉంటాయో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. దాని మీద ఇంకో 18 వేల మందిని తెచ్చి పోయడం ఏ ట్రాఫిక్ డీసీపీ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పైగా ఎల్‌బీ స్టేడియం ప్రభుత్వ కార్యక్రమాలకు ముందు వరుసలో ఉండే చోటు. 2023 డిసెంబరు 7న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది అక్కడే. ప్రైవేటు బుకింగ్‌కు రేపేదైనా అడ్డం రావచ్చన్న టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌ది ఇంకో కథ: సంక్రాంతికి కైట్ ఫెస్టివల్, ఆ వెంటనే రిపబ్లిక్ డే హడావుడి. జనవరిలో ఆ పేరు తలుచుకోవడమే దండగ.

ఉప్పల్ గురించి మాత్రం నాకు ఇప్పటికీ బెంగ ఉంది. దాదాపు 39 వేల సీట్లు, దగ్గర్లోనే స్టేడియం పేరుతో మెట్రో స్టేషన్. జనాన్ని బయటికి పంపే విషయంలో ఈ ఊళ్లో దానికి సాటి లేదు. 2025 జనవరి 25, 26 తేదీల్లో అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే షోలకు రోజుకు లక్ష మందికి పైగా వస్తే, అక్కడ మెట్రోను అర్ధరాత్రి దాటేదాకా నడిపి ఖాళీ చేశారు. ఉప్పల్‌లో ఆ పని చిన్న స్థాయిలో చేయొచ్చు. కానీ అది క్రికెట్ మైదానం. మధ్యలోని పిచ్‌ల మీద మనిషి నిలబడటానికి వీల్లేదు, ట్రక్కు సంగతి అడగనే వద్దు. పిచ్ చుట్టూ ఉన్న గడ్డి, అంటే అవుట్‌ఫీల్డ్ మీద, జనం నిలబడే ప్లేట్లు పరిస్తే గడ్డి కింద ఎన్ని గంటలు ఊపిరాడకుండా ఉందో లెక్క చెప్పాలి. మార్చిలో ఐపీఎల్ పెట్టుకుని జనవరిలో మైదానం చూసుకునే క్యూరేటర్‌ను ఒప్పించడం మా వల్ల కాలేదు.

మిగిలినవి నాలుగు: రామోజీ ఫిల్మ్ సిటీ, శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న జీఎంఆర్ అరీనా, హైటెక్స్, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం.

రామోజీ ఎందుకు వద్దన్నాం

స్థలం పరంగా రామోజీకి ఎదురు లేదు. 1,666 ఎకరాలు. స్టేజీ ఎక్కడ పెట్టుకున్నా, ఎంత సౌండ్ పెట్టుకున్నా పక్కింటివాడు ఫోన్ చేయడు. షూటింగులు చూసిన ఊరు కాబట్టి జనరేటర్లు, క్రేన్లు, కార్పెంటర్లు అర్ధరాత్రి కావాలన్నా దొరుకుతారు. 2025 నవంబరులో ఏఆర్ రెహమాన్ కాన్సర్ట్ కూడా అక్కడే జరిగింది. ఇదంతా క్లయింట్‌కు తెలుసు.

మేము టికెటింగ్ పార్ట్‌నర్ దగ్గర పాత షోల పిన్‌కోడ్ డేటా తీయించాం. ఈ రకం పాటలకు టికెట్ కొనేవాళ్లలో ఎక్కువ మంది పడమటి వైపు వాళ్లు: కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల, మణికొండ. గచ్చిబౌలి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ చుట్టి, రామోజీకి దిగాల్సిన పెద్ద అంబర్‌పేట దాకా దాదాపు 60 కిలోమీటర్లు. కారు ఉన్నవాడికి గంట ప్రయాణం, పర్వాలేదు. కానీ ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరు. బైక్ మీద వచ్చే కుర్రాడు ఊరు మొత్తం అడ్డంగా దాటి ఎల్‌బీ నగర్, హయత్‌నగర్ మీదుగా రావాలి, రాత్రి పదింటికి చలిలో అలాగే తిరిగి వెళ్లాలి. మన స్టాండింగ్ టికెట్ కొనేది సరిగ్గా అతనే. మెట్రో ఎల్‌బీ నగర్‌తో ఆగిపోతుంది.

ఇది కూడా సర్దుకోవచ్చు, బస్సులు పెట్టొచ్చు. అసలు అడ్డంకి డేట్. రామోజీ ఉన్నది విజయవాడ హైవే మీద. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లిన సగం హైదరాబాద్ ఆ ఆదివారమే, ఆ రోడ్డు మీదే, ఆ సాయంత్రమే వెనక్కి వస్తుంది. పంతంగి టోల్ ప్లాజా దగ్గర కిలోమీటర్ల కొద్దీ బారులు ప్రతి ఏడాది టీవీల్లో చూసేవే. మన షో అయిపోయి 18 వేల మంది నగరం వైపు తిరిగే టైముకు కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చే కార్లన్నీ అదే హయత్‌నగర్ మీదుగా దిగుతుంటాయి. ఈ మాట చెప్పాక క్లయింట్ కాసేపు ఫోన్‌లో మ్యాప్ చూసుకుని, "మా బావమరిది కూడా ఆ రోజే భీమవరం నుంచి వస్తాడన్నా" అన్నాడు. రామోజీ చర్చ అక్కడితో అయిపోయింది. అదే షో ఫిబ్రవరిలో అయితే నా సలహా ఇంత గట్టిగా ఉండేది కాదు.

జీఎంఆర్ అరీనాకు ఈ గొడవ లేదు. ఔటర్ పక్కనే, వెడల్పాటి రోడ్లు, 2024 నవంబరు 15న దిల్జిత్ దోసాంజ్ షో అక్కడే జరిగింది. రెండు కారణాలకు వెనక్కి తగ్గాం. ఒకటి, అది ఖాళీ మైదానం. మరుగుదొడ్లు, తాగునీళ్లు, లైట్లు, కుర్చీలు, నడిచే దారి అన్నీ మనమే కట్టాలి, ఒక్క రాత్రికి వాడి పీకేయాలి. స్టేజీ కాకుండా ఈ ఖర్చే టికెట్ ధరలో పెద్ద వాటా తింటుంది. రెండు, విమానాశ్రయం పక్కన డ్రోన్లు, లేజర్లు, బాణసంచా, పొడుగాటి క్రేన్లు, వీటిలో ప్రతి దానికీ వేరే అనుమతి కావాలి. మా షోలో లేజర్లు ఉన్నాయి. యువత మాత్రమే వచ్చే ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) షో అయితే నేను ఇదే చోటు ఎంచుకునేవాణ్ణి. మా జనంలో అరవై దాటినవాళ్లు, చంకన పిల్లలున్నవాళ్లు చాలామంది. వాళ్లకు వీపు ఆనించుకునే సీటు కావాలి.

హైటెక్సా, గచ్చిబౌలా

లోడింగ్ చేసేవాణ్ణి అడిగితే హైటెక్సే అంటాడు. 100 ఎకరాల్లో ఎగ్జిబిషన్ల కోసమే కట్టిన చోటు. ట్రెయిలర్ తిన్నగా లోపలికి వస్తుంది, నేల గట్టిది, పార్కింగ్ సొంతం. 2025 మే 31న మిస్ వరల్డ్ ఫైనల్ జరిగింది అక్కడే. స్టేజీకి ఇనప ఫ్రేములు కట్టే మా ట్రస్ కాంట్రాక్టర్ అయితే గచ్చిబౌలి పేరెత్తితేనే మొహం మాడ్చుకున్నాడు. అక్కడ సింథటిక్ ట్రాక్ మీద చక్రం ఆనకూడదు. మొత్తం ప్లైవుడ్, దాని మీద ప్లేట్లు పరిచాకే బండి కదలాలి. ఒక రోజు అదనపు పని. న్యాయమే మరి. పొద్దున అయిదింటికి పిల్లలు పరుగు ప్రాక్టీస్ చేసే ట్రాక్ అది, 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ నాటి నుంచి.

అయినా చివరికి గచ్చిబౌలి వైపే మొగ్గాం. ఎందుకో లెక్కతో చెబుతాను.

400 మీటర్ల ట్రాక్ లోపలి నేల సుమారు 10,300 చదరపు మీటర్లు. ఒక చివరి అర్ధచంద్రం మొత్తం స్టేజీకి, బ్యాక్‌స్టేజీకి పోతుంది. మిగిలింది 8,200 చిల్లర. అందులో సౌండ్ కంట్రోల్ టవర్, స్టేజీకీ జనానికీ మధ్య వదిలే ఖాళీ (పిట్), అంబులెన్స్ దారి, బారికేడ్ల మధ్య సందులు తీసేస్తే పావు వంతు పోయి 6,200 చేతికొస్తుంది. నిలబడి చూసేవాళ్లకు మనిషికి అర చదరపు మీటరు వేసుకుంటాను. అంటే 12 వేల మంది. ఇంకా నెట్టొచ్చు అనేవాళ్లు ఉంటారు. నెట్టొచ్చు, ముందు వరుసలో ఒకమ్మాయి కళ్లు తిరిగి పడేదాకా. మిగిలిన 6 వేలు స్టాండ్లలో. సుమారు 30 వేలు పట్టే స్టేడియం కాబట్టి, స్టేజీ వెనకా పక్కలా చూపు అందని బ్లాకులు వదిలేసినా 6 వేలకు ఇబ్బంది లేదు. పక్కా మెట్లు, పైన కప్పు, కట్టి ఉన్న మరుగుదొడ్లు. కుటుంబాలకు ఇది హైటెక్స్ మైదానంలో వరుసగా వేసే కుర్చీల కంటే చాలా నయం. సమతల నేల మీద కుర్చీలు వేస్తే ఏడో వరుస నుంచి అందరూ ఎల్‌ఈడీ తెర చూస్తారు, సింగర్‌ని కాదు.

ఇక బయటికి పంపే లెక్క. స్టేడియాల భద్రతకు బ్రిటన్ వాళ్లు తయారుచేసిన మార్గదర్శకాలను మా వాళ్లలో చాలామంది వాడతారు. చదును నేల మీద మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది నడవగలరని అందులో ఉంటుంది. ప్రమాదం వస్తే ఎనిమిది నిమిషాల్లో ఖాళీ కావాలనుకుంటే, చదును దారిలో మీటరుకు 656 మంది. 18 వేలకు దాదాపు ఇరవై ఏడున్నర మీటర్ల దారి కావాలి. అది కూడా అన్నిటికంటే పెద్ద గేటు మూసుకుపోయిందని అనుకున్నాక మిగిలే వెడల్పు. స్టేజీ వైపు గేట్లు లోడింగ్‌కు, ఆర్టిస్టులకు, అంబులెన్స్‌కు కేటాయించాక, టేపు పట్టుకుని మా లేఅవుట్ ప్రకారం కొలిస్తే 24 మీటర్ల పైచిలుకు తేలింది. అంటే 16 వేలు.

క్లయింట్‌తో గొడవ అయింది ఇక్కడే. "2 వేల టికెట్లు అంటే నా లాభం మొత్తం అదే కదన్నా" అన్నాడు. అబద్ధం కాదు. పెద్ద షోల్లో ఖర్చు రాబట్టుకున్నాక మిగిలే పది శాతం టికెట్ల డబ్బే లాభం. కానీ 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయింది లోపల చోటు లేక కాదు, గేట్ల బయట. అంతకు ఆరు నెలల ముందు మన సంధ్య థియేటర్ దగ్గర ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ తర్వాత పోలీసు పర్మిషన్ మీటింగ్‌లో అడిగే ప్రశ్నలే మారిపోయాయి. ఇప్పుడు వాళ్లు అడిగేది టికెట్ లేనివాళ్లు వస్తే ఎక్కడ ఆపుతారని. మేము 16 వేల నంబర్‌తో, గేటుగేటుకూ వెడల్పు రాసిన డ్రాయింగ్‌తో వెళ్తే ఆ మీటింగ్ తొందరగా ముగిసింది. పోలీసు ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఫైర్, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్, మ్యూజిక్ లైసెన్సులు మామూలుగా నడిచాయి.

సౌండ్ విషయంలోనూ గిన్నెలాంటి స్టేడియం కొంత కలిసొచ్చింది. చట్ట ప్రకారం రాత్రి పదింటికి స్పీకర్లు ఆపాలి. వేదిక సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతానికి పెట్టిన పరిమితి కంటే 10 డెసిబెల్స్ మించకూడదు, ఏమైనా 75 దాటకూడదు. బహిరంగ మైదానంలో దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుందని మోటు లెక్క. 30 మీటర్ల దగ్గర 100 ఉంటే, 480 మీటర్ల దగ్గర ఇంకా 76 ఉంటుంది. అరకిలోమీటరు లోపల అపార్ట్‌మెంట్లు లేని చోటు పడమటి హైదరాబాద్‌లో ఎక్కడుంది? అందుకే ముందు స్పీకర్లను గట్టిగా మోగించకుండా, 60 మీటర్ల దగ్గర డిలే టవర్లు (వెనకవాళ్ల కోసం పెట్టే అదనపు స్పీకర్లు) నిలబెట్టి ఒక్కోదాన్ని తక్కువలో నడిపాం. ఆ టవర్లను 174 మిల్లీసెకన్లు ఆలస్యంగా మోగిస్తేనే ముందు నుంచి వచ్చే శబ్దంతో కలుస్తుంది. లేదంటే వెనక ఉన్నవాళ్లకు ప్రతి మాట రెండుసార్లు వినిపిస్తుంది. బాస్ వెనక్కి పోకుండా సబ్‌లను (బాస్ స్పీకర్లను) కార్డియాయిడ్ పద్ధతిలో, అంటే శబ్దం ముందుకే ఎక్కువగా వెళ్లేలా పేర్చాం. ఇంత చేసినా గచ్చిబౌలి చుట్టూ ఎవరికీ వినపడలేదని నేను చెప్పను.

ఆ రాత్రి

షో ముందు రోజు రాత్రి స్టేజీ ముందు పెట్టాల్సిన బారికేడ్లు దిగాయి. మేము ఆర్డర్ ఇచ్చింది జనం బరువుతోనే నిలబడే రకం, అంటే మనిషి తన కాళ్ల కిందున్న ప్లేటు మీద నిలబడి ముందుకు తోస్తాడు కాబట్టి ఎంత తోసినా కదలదు. వెండార్ పంపినవి రోడ్ల మీద కనిపించే ఇనప బారికేడ్లు. లారీని దింపకుండానే తిప్పి పంపాం. తెల్లారేలోగా వేరే ఊరి నుంచి తెప్పించడానికి అద్దె రెట్టింపు కట్టాం. 12 వేల మంది నిలబడే చోట ఈ ఒక్క వస్తువులో రాజీ పడేది లేదు.

నిజమైన ప్లాన్ చివరి పాట దగ్గర మొదలైంది. 9.40కి సింగర్ దిగాడు. లైట్లన్నీ ఒక్కసారి వేయలేదు. స్టాండ్ల వైపు ముందు, మైదానం వైపు తర్వాత. డీజే పదింటి దాకా పాత పాటలు వేశాడు, ఫుడ్ స్టాళ్లు పదకొండు దాకా తెరిచే ఉంచాం. ఆకలేసినవాడు అరగంట ఆగుతాడు, ఆ అరగంట నాకు గేటు దగ్గర కావాలి. బైకులకు వేరే దారి ఇచ్చి ముందు వదిలేశాం. మెట్రో గచ్చిబౌలికి రాదు కాబట్టి రాయదుర్గం స్టేషన్ దాకా అద్దె బస్సులు తిప్పాం, ఆఖరి రైలు అందేలా.

గేట్ల దగ్గర అనుకున్నట్టే జరిగింది. కార్లకు మాత్రం మా అంచనా కంటే ఎక్కువ టైమ్ పట్టింది. అసలు లెక్కే కఠినం: జనంలో సగం మంది కారుకు ముగ్గురి చొప్పున వచ్చారనుకుంటే సుమారు 2,700 కార్లు. పార్కింగ్ నుంచి ఒక్కో వరుసలో గంటకు 500, 600 కార్లకు మించి బయటపడవు. మూడు వరుసలు పెట్టినా గంటన్నర. క్యాబ్‌ల కోసం కొంచెం దూరంలో పికప్ పాయింట్ పెట్టి యాప్‌లో పిన్ వేయించాం గానీ, జనం పాత అలవాటుకొద్దీ మెయిన్ గేటు దగ్గరే నిలబడి బుక్ చేశారు. డ్రైవర్లు వచ్చి, ట్రాఫిక్ చూసి, క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోయారు. పదకొండు దాటాక కూడా ఫ్లైఓవర్ కింద గుంపులు కనిపించాయి. ఈసారి టికెట్‌తో పాటే పికప్ స్లాట్ కూడా అమ్మాలని టికెటింగ్ వాళ్లతో మాట్లాడుతున్నాం.

ట్రాక్ మీద ప్లేట్లు తీశాక స్టేడియం వాళ్లతో కలిసి నడిచి, ప్రతి లేనునూ ఫోటో తీసి, సంతకాలు పెట్టి అప్పగించాం. ఇది చేయని ఆర్గనైజర్ల వల్లే స్టేడియాల డిపాజిట్లు ఏటేటా పెరుగుతున్నాయి.

లాభం తగ్గిందని క్లయింట్ రెండు వారాలు ముభావంగా ఉన్నాడు. ఇప్పుడు వచ్చే సీజన్‌కు 30 వేలు అడుగుతున్నాడు. ఆ నంబర్‌కు గచ్చిబౌలి నేను ఒప్పుకోను, హైటెక్స్‌లో చుట్టుపక్కల రోడ్లు ఒప్పుకోవు. అతనికి రెండు దారులు రాసి పంపాను. రామోజీ కావాలంటే షో ఫిబ్రవరిలో పెట్టాలి, టికెట్ ధరలోనే పడమటి వైపు నుంచి బస్సు కలిపి అమ్మాలి, కారు పార్కింగ్‌కు విడిగా, గట్టిగానే డబ్బులు తీసుకోవాలి. ఉప్పల్ కావాలంటే అక్కడి ఐపీఎల్ మ్యాచ్‌లు ముగిశాక వానలు మొదలయ్యేలోపు దొరికే కొద్ది రోజులే దిక్కు, దానికి క్రికెట్ సంఘంతో మాటలు ఇప్పుడే మొదలుపెట్టాలి, మెట్రో వాళ్లు రైళ్లను అర్ధరాత్రి దాకా నడుపుతామని కాగితం మీద రాసిస్తేనే అడ్వాన్స్ కట్టాలి. సింగర్ డేట్లు ఈసారి ఆ తర్వాతే అడుగుతామన్నాడు.